పొగ చెప్పే సాక్ష్యం



సంఘం వ్యాను పొగ ఎలా ఆగింది, ఎంత ఖర్చయింది అని ఆదివారం ఆరాధన అయ్యాక చాలామంది అడుగుతున్నారు. కువైట్‌లో, బెంగళూరులో ఉండి ఈ పేజీ చదివే మన పిల్లలు కూడా ఫోన్ చేసి అడిగారు. వాళ్ళలో కొందరు ఆ బండి కోసం కానుక పంపినవారే. కాబట్టి లెక్క చెప్పడం మా బాధ్యత. ఒట్టి లెక్క అయితే నాలుగు వరుసల్లో అయిపోతుంది. కానీ పొగ కొట్టే బండ్లు మన మధ్య ఇంకా చాలా ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళకు, కొనబోయేవాళ్ళకు పనికొస్తుందని ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నాము.

మన వ్యాను పాతది, మూడు సిలిండర్ల పెట్రోలు బండి. ఆదివారాలు నడవలేని పెద్దవాళ్ళను మందిరానికి తెస్తుంది. మిగతా రోజుల్లో రోగులను ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రికో, ఒక్కోసారి పులివెందులకో తీసుకుపోతుంది. ఈ ఎండాకాలం మొదట్లో అది ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. బైకు మీద వెనక వచ్చేవాళ్ళు కొంగు, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు.

ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో చూపిస్తే, ఆ మేస్త్రీ సైలెన్సర్ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూసి, "ఇంజన్ దించాల్సిందే అయ్యా. బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మార్చాల. 38,000 అవుతాది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని మేము అనడం లేదు. పొగ కొట్టే పాత బండ్లలో చాలావాటికి చివరికి ఆ పనే పడుతుంది. అయితే అప్పుడు సంఘం చేతిలో ఉన్నది 40,000. అది కూడా మన విధవరాలైన ఒక తల్లి ఇంటి పైకప్పు కోసం, వానలు పడకముందే రేకులు వేయించాలని కూడబెట్టిన సొమ్ము.

ఇంకొకరు మా మేలు కోరే ఇంకో దారి చెప్పారు. "చిక్కటి ఆయిల్ పోసి, ఒక డబ్బా మందు కలిపి అమ్మేయండి. నెలరోజులు పొగ కనపడదు. ఆ తర్వాత కొన్నోడి పాట్లు వాడివి."

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన సంగతి లూకా 14వ అధ్యాయంలో ఉంది. అయితే బండి విషయంలో ఖర్చు లెక్కకు ముందు ఇంకో లెక్క ఉంది. అసలు చెడిపోయింది ఏది? అది తెలియకుండా 38,000 ఎక్కువో తక్కువో ఎవరు చెప్పగలరు? జమ్మలమడుగులో ముప్పై ఏండ్లుగా పెట్రోలు ఇంజన్లు విప్పుతున్న ఒక పెద్ద భాయ్ ఉన్నారు. ఆయన దగ్గరికి పోతే బానెట్టు కూడా తెరవలేదు. "పొగ ఎప్పుడు వస్తాందో చెప్పండయ్యా, యాడ పోయిందో నేను చెప్తా" అన్నారు.

ఆ మాట అర్థం కావాలంటే ఇంజన్లో ఆయిల్ ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండకూడదో తెలియాలి. ఆయిల్ కింద చాంబరులో ఉంటుంది. పంపు దాన్ని పైకి ఎక్కించి అన్ని భాగాలకూ అందిస్తుంది. పెట్రోలు మండే గదిలోకి మాత్రం అది పోకూడదు. పోతే మండి, నీలం పొగై వెనక నుంచి వస్తుంది. అక్కడికి పోవడానికి దానికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి.

ఒకటి కింది దారి. పిస్టన్ చుట్టూ మామూలుగా మూడు రింగులు ఉంటాయి. పై రెండూ మంట ఒత్తిడి కిందికి జారకుండా ఆపుతాయి. అడుగున ఉన్నది సిలిండరు గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి దించుతుంది. రింగులు అరిగినా, మసి పట్టి బిగుసుకుపోయినా, గోడ అరిగినా ఆయిల్ పైకి ఎక్కుతుంది. దీన్ని బాగుచేయాలంటే ఇంజన్ దించాలి.

రెండోది పై దారి. హెడ్డులో వాల్వులు ఉంటాయి. ఒక్కో వాల్వు కడ్డీ ఒక గైడులో పైకీ కిందికీ ఆడుతుంది. పైన ఉన్న ఆయిల్ ఆ కడ్డీ వెంట కిందికి కారకుండా ప్రతి కడ్డీకీ చిన్న టోపీ లాంటి రబ్బరు సీలు ఉంటుంది. వేడికి ఆ రబ్బరు ఏండ్ల తరబడి కాగి కాగి గట్టిపడుతుంది. అప్పుడు కడ్డీని పట్టుకోలేదు. ఆయిల్ కారుతుంది. మన కడప ఎండలూ, పాత బండి రేడియేటరూ కలిస్తే అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఇది బాగుచేయడానికి ఇంజన్ దించనక్కరలేదు.

రెండు దారుల్లోనూ పొగ రంగు ఒకటే. వచ్చే సమయం మాత్రం వేరు. సీళ్ళు పోతే, రాత్రంతా బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ చుక్క చుక్కగా కారుతుంది. పొద్దున తాళం తిప్పగానే ఒక్కసారి గుప్పున పొగ వచ్చి, కాసేపటికి తేలిపోతుంది. అట్లాగే కొండ దిగేటప్పుడు ఎక్సలేటరు వదిలేస్తాము గదా, అప్పుడు ఇంజన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పుకు ఆయిల్ గైడుల గుండా లోపలికి వస్తుంది. కొండ దిగి మళ్ళీ ఎక్సలేటరు తొక్కగానే వెనక నీలం మేఘం. రింగులు పోతే ఇట్లా వచ్చి పోయే పొగ కాదు. బరువుతో ఎక్కేటప్పుడు, రేస్ ఇచ్చినప్పుడు, వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూనే ఉంటుంది.

రంగు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాము. నల్ల పొగ అయితే పెట్రోలో డీజిలో ఎక్కువ పడుతోందని, లేదా గాలి చాలడం లేదని అర్థం. తెల్లగా, దట్టంగా, తియ్యటి వాసనతో ఆగకుండా వస్తే రేడియేటరు కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్డు ప్యాకింగ్ చూసుకోవాలి. చలికాలం పొద్దున కొంచెం తెల్లగా వచ్చి పోయేది వట్టి నీటి ఆవిరి, భయపడనక్కరలేదు. నీలం అయితేనే ఆయిల్.

భాయ్ మాకు వారం రోజులు గడువిచ్చారు. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోమన్నారు. చదునైన చోట, ఇంజన్ చల్లారాక, గేజు కడ్డీ తుడిచి ఆయిల్ ఎక్కడిదాకా ఉందో, మీటరు ఎంత తిరిగిందో రాయడం. రాత్రి బండి కింద అట్టముక్క పరచడం. చుక్కలు పడితే ఆయిల్ మండడం లేదు, కారిపోతోంది. అది వేరే జబ్బు, చవక జబ్బు. ఇంకా, ఆయిల్ గుర్తుకు మించి పోసినా, బ్రీథరు పైపు మూసుకుపోయినా కూడా పొగ వస్తుంది. ఇవి చూడకుండా ఇంజన్ విప్పించుకున్నవాళ్ళు ఉన్నారని భాయ్ చెప్పారు.

అట్ట మీద చుక్క పడలేదు. ఆయిల్ గుర్తుకు మించి లేదు. బ్రీథరు శుభ్రంగానే ఉంది. అయితే 700 కిలోమీటర్లకు దాదాపు లీటరు ఆయిల్ తగ్గింది. పొద్దున స్టార్ట్ చేయగానే పొగ. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో కొండ ఎక్కేటప్పుడు, ఎనిమిది మంది కూర్చున్నా పొగ లేదు. దిగి, అడుగున ఎక్సలేటరు తొక్కగానే గుప్పుమంది. నాలుగుసార్లు పోయినాము, నాలుగుసార్లూ అదే.

పుస్తకం చూశాక భాయ్ పరికరాలు తీశారు. మొదట ప్లగ్గులు విప్పి వరసగా గుడ్డ మీద పెట్టారు. రెండోదీ మూడోదీ ఆయిల్‌తో నల్లగా తడిగా ఉన్నాయి. తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, ఎక్సలేటరు పూర్తిగా తొక్కి పట్టుకుని స్టార్టరు తిప్పాలి. మూడు సిలిండర్లలో 160, 155, 160 వచ్చింది. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ తిప్పారు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు పూడ్చి అంకె బాగా పెరుగుతుంది. మనదానిలో పెద్దగా పెరగలేదు. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే, లోపల నుంచి పొగ, గాలి ఎగదన్నలేదు.

"అయితే రింగులు బాగున్నట్లే గదా భాయ్?" అని అడిగాము. ఆయన వెంటనే ఔననలేదు. "పై రింగులు బాగున్నాయి. ఆయిల్ గీకే రింగు సంగతి ఈ గేజు చెప్పదయ్యా. అది బిగుసుకుపోయినా అంకె బాగనే వస్తాది. కానీ మీ పుస్తకం సీళ్ళే అంటాంది. ముందు చిన్న పని చేద్దాం. తగ్గకపోతే పెద్ద పని చేద్దాం. సీళ్ళకు పెట్టిన దుడ్డు యాడికీ పోదు, పెద్ద పనిలో కూడా అవి మార్చాల్సిందే" అన్నారు.

ప్రియులారా, తనకు తెలిసినది ఎంతవరకో చెప్పి, అక్కడ ఆగిన ఆ మనిషి మాట మాకు ఎంతో నెమ్మది ఇచ్చింది.

హెడ్డు దించారు. పాత సీళ్ళు చేతికి తీసుకుంటే రబ్బరులా లేవు, గోరుతో నొక్కితే పెళుసుగా విరిగాయి. గైడులలో ఆట పెద్దగా లేదు. సీళ్ళన్నీ కొత్తవి వేసి, వాల్వులు గ్రైండింగ్ చేయించి, లేత్ షాపులో హెడ్డు చదును చూపించి, కొత్త ప్యాకింగ్‌తో బిగించారు. రెండు రోజుల పని. సామాను 2,300, లేత్ షాపు 900, కూలి 3,000, కొత్త ఆయిల్, ఫిల్టరు 1,200. మొత్తం 7,400 రూపాయలు. రసీదులు సంఘం పెద్దల దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. రెండు రోజులు ఇంకా కొంచెం పొగ వచ్చింది. అది సైలెన్సరులో పేరుకున్న పాత ఆయిల్ కాలడం. ఆ తర్వాత 1,500 కిలోమీటర్లు తిరిగినా గేజు మీద గీత కొంచెమే దిగింది. ఆ తల్లి ఇంటికి వానలకు ముందే రేకులు పడ్డాయి.

ఇక్కడితో ఆపితే ఇది మంచి సాక్ష్యంలా ఉంటుంది. కానీ వ్యాను జమ్మలమడుగులో ఉన్న ఆ రెండు రోజుల్లోనే పులివెందుల నుంచి మన సహోదరుడు ఒకాయన వచ్చాడు. టాక్సీ నడుపుకునే మనిషి. ఇంటామె బంగారం ప్రొద్దుటూరులో కుదువ పెట్టి, ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. కొన్నప్పుడు పొగ లేదు. మూడు వారాలకు ఆయిల్ మార్పించాడు. షెడ్డులో దించిన పాత ఆయిల్ బెల్లం పాకంలా సాగిందంట. మామూలు ఆయిల్ పోసిన మరుసటి రోజు నుంచి నీలం పొగ.

మన వ్యాను 7,400తో బాగైన సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. ఆశతో వచ్చాడు. భాయ్ పెట్రోలు బండ్ల మనిషి కాబట్టి, ఆయనకు తెలిసిన డీజిల్ మేస్త్రీ దగ్గరికి అందరం కలిసి పోయినాము. డీజిల్ బండిలో కొండ దిగే పరీక్ష అంత స్పష్టంగా పనిచేయదని, టర్బో ఉన్న బండి అయితే దాని సీళ్ళ నుంచి కూడా ఆయిల్ పోవచ్చని అక్కడ తెలిసింది. మేస్త్రీ టర్బో పైపు విప్పి చూసి, పెద్దగా తడి లేదన్నాడు. ఆయిల్ మూత తీస్తే పొగబండి లాగా ఎగదన్నింది. కంప్రెషన్ రెండు సిలిండర్లలో బాగా తక్కువ. ఆయిల్ పోస్తే పెరిగింది. అంటే కింది దారి.

కారణం కూడా దొరికింది. ఎయిర్ ఫిల్టరు డబ్బా క్లిప్పు ఎప్పుడో విరిగింది. ఫిల్టరు పక్కన సందులోంచి లోపలి పైపు దాకా సన్నటి దుమ్ము చార. మన ప్రాంతం సంగతి మీకు తెలుసు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, రాళ్ళ లారీలు. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు ఫిల్టరు దాటి లోపలికి పోతే, పిస్టన్ ఆడే ప్రతిసారీ రింగులనూ గోడనూ గరుకు కాగితంలా రుద్దుతాయి. పాత యజమాని ఆ దారుల్లోనే తిప్పాడని తర్వాత తెలిసింది. కొన్ని వందల ఫిల్టరు, కొన్ని రూపాయల క్లిప్పు. పోయింది మాత్రం మొత్తం ఇంజన్.

మేస్త్రీ 60,000 చెప్పాడు. సహోదరుడు మా ముఖం చూశాడు. "మీ బండికి ఏడు వేలతో అయింది గదయ్యా, నాకెందుకు కాదు?" అన్నాడు. ప్రార్థన చేస్తాం, చూద్దాం అని ఆ పూటకు సాగనంపడం మాకు సులువే. కానీ గేజు మీద అంకె అందరం చూశాము. ఉన్నది ఉన్నట్టే చెప్పాము. ఆ కారు అట్లాగే తిప్పితే జరిగేది కూడా మేస్త్రీ చెప్పాడు. పొగతో ఇంజన్ వెంటనే చావదు, ఆయిల్ అయిపోయిన రోజు చస్తుంది. అరుదుగానే అయినా డీజిల్ బండిలో ఇంకో ప్రమాదం ఉంది. ఆయిల్ మరీ ఎక్కువగా లోపలికి పోతే ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి తనంతట తాను రేస్ అయిపోతుంది. తాళం తీసినా ఆగదు.

అక్కడే నిలబడిన ఒకరు ఆయనకు కూడా అదే సలహా ఇచ్చారు. చిక్కటి ఆయిల్ పోసి అమ్మేయమని. ఆ సహోదరుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు అమ్మినోడు కూడా ఇట్లే అనుకొనింటాడు గదయ్యా" అన్నాడు.

తప్పుడు త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథంలో మనం ఎన్నోసార్లు చదివాము. త్రాసు అంటే కోమటి అంగడిలో ఉండేదే అనుకుంటాము. చిక్కటి ఆయిల్ డబ్బా కూడా త్రాసే. పాత ఇంజనుకు, మన ఎండలకు కొంచెం చిక్కటి గ్రేడు వాడుకోవడం తప్పు కాదు, కంపెనీ ఒప్పుకునే గ్రేడు అయితే చాలామంది వాడతారు. కొనేవాడి కళ్ళు కప్పడానికి వాడితేనే అది తప్పుడు త్రాసు. కొనేవాడు ఎవరో మనకు తెలియదు కాబట్టి మనసుకు పెద్దగా గుచ్చుకోదు. మాకు మాత్రం ఇప్పుడు ఆ కొన్నవాడి ముఖం తెలుసు. ఆయన మన కూడికలో మూడో వరుసలో కూర్చుంటాడు.

ఆయన కారు అమ్మలేదు. సంఘం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, వ్యాను పనిలో మిగిలిన ధైర్యంతో 20,000 వడ్డీ లేకుండా అప్పుగా ఇచ్చారు. మిగతాది ఆయన బంధువులు సర్దారు. బోరు కొలిపించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు వేశారు. ఎయిర్ ఫిల్టరు డబ్బా కూడా కొత్తది. బంగారం ఇంకా కుదువలోనే ఉంది. ఆ భారం కోసం మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి. బాడుగ ఉంటే ఆయన్ని పిలవండి, అది కూడా ప్రార్థనే.

పాత బండి కొనాలనుకునే మన యౌవనస్థులకు నాలుగు మాటలు. పొద్దున్నే పోండి, ముందుగా స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టొద్దని చెప్పండి. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడండి, అప్పటికే వేడిగా ఉంటే ఇంకోరోజు రండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు వెనక నిలబడండి. సైలెన్సరు కొసలో వేలు పెట్టి చూడండి. పొడి మసి అయితే సరే, జిడ్డుగా తడిగా నల్లగా అంటితే ఆలోచించండి. గేజు కడ్డీ మీద ఆయిల్ మరీ పాకంలా ఉంటే ఎందుకో అడగండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది గదా అని నమ్మి ఊరుకోకండి. కంప్రెషన్ పరీక్షకు అయ్యే కొన్ని వందలు మిగుల్చుకుని బంగారం పోగొట్టుకోవద్దు.

ఇప్పటికే బండి ఉన్నవాళ్ళు వారానికి ఒకసారి, ఆదివారం మందిరానికి బయలుదేరే ముందే అయినా సరే, గేజు కడ్డీ తీసి చూడండి. మన దుమ్ముకు కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. పొగ మొదలైతే భయపడి ఇంజన్ దించకండి, సిగ్గుపడి దాచకండి. ఎప్పుడు వస్తోందో వారం రోజులు రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం తీసుకుని ఎవరైనా వస్తే, జమ్మలమడుగు దాకా మేము తోడు వస్తాము.

మీ ప్రయాణాలన్నిటిలో ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.